మైక్రోస్కోపుకు చేయించుకున్న ఎల్ఈడీ లైటు: పెట్టిన డబ్బుకు పని చేస్తుందా?

ముందే చెప్పేస్తా. బెంచి మీద మైక్రోస్కోపు పెట్టుకుని ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేసేవాళ్లకు ఈ లైటు కొనదగ్గదే. ఫోన్ గ్లాసులు, బ్యాటరీలు మార్చే షాపుకైతే దండగ, ఆ పనికి మైక్రోస్కోపుతో వచ్చే రింగ్ లైటే ఎక్కువ. నాది మిర్యాలగూడ. రైస్ మిల్లుల్లో బియ్యంలోంచి నల్లగింజలు ఏరే సార్టెక్స్ మిషన్ల కార్డులు, కాటా బోర్డులు, ఇన్వర్టర్లు, మధ్యమధ్య మొహమాటానికి తెలిసినవాళ్ల ఫోన్లు, ఇదీ నా పని. కాబట్టి ఈ రివ్యూ కూడా ఆ పని చేసే మనిషి రాసిందిగానే చదువుకోండి.

లైటు చేసిచ్చింది నల్గొండలో, క్లాక్ టవర్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న చిన్న కొట్టు. అసలు పని షాపుల ముందర పెట్టే ఎల్ఈడీ అక్షరాల బోర్డులు. ఆ అబ్బాయి మధ్యలో కొన్నాళ్లు సార్టెక్స్ మిషన్ల లైటు బార్లు రిపేరు చేశాడు. ఆ మిషన్లో జారే బియ్యం మీద ఎక్కడా తేడా లేకుండా వెలుగు పడితేనే కెమెరా నల్లగింజను పట్టుకుంటుంది, అందుకని వెలుగు సమానంగా పడటం అంటే ఏంటో, మినుకు అంటే ఏంటో అతనికి విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. కొట్టు పేరు రాయట్లేదు, ఆర్డర్లు ఎక్కువైతే చేయలేనన్నా అని మొహం మీదే చెప్పాడు.

మైక్రోస్కోపుతో పాటు వచ్చిన 144 బల్బుల రింగ్ లైటుతో నా గొడవేంటో చెప్తా. అది చెడ్డదని కాదు, వెలుగు బోలెడంత ఇస్తుంది. కానీ చుట్టూ అన్ని వైపుల నుంచీ ఒకేలా పడుతుంది కాబట్టి నీడ ఉండదు, నీడ లేకపోతే ఎత్తుపల్లాలు కనపడవు. మిల్లులో మిషన్ రోజంతా అదురుతూనే ఉంటుంది, ఆ అదురుకు కనెక్టర్ పిన్ను చుట్టూ సోల్డర్ గుండ్రంగా పగులుతుంది. మన భాషలో డ్రై సోల్డర్. ఆ పగులు వెంట్రుక మందం కూడా ఉండదు. రింగ్ లైటు మొత్తం వెలిగించి చూస్తే పిన్ను తళతళా మెరుస్తూ ఏ రోగమూ లేనట్టు ఉంటుంది. అదే ఒక్క పక్క నుంచి కాంతి పడితే పగులుకు ఒక అంచు తెల్లగా, ఇంకో అంచు నల్లగా తేలి, జూమ్ పెంచక ముందే కంట్లో పడుతుంది. సిరామిక్ కెపాసిటర్ మీది పగులూ అంతే, ఐసీ మీద లేజరుతో చెక్కిన నంబరూ అంతే. నంబరు కనపడక ఫోన్ టార్చి పక్క నుంచి కొట్టి చదివే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ టార్చి చేసే పనినే ఈ లైటు చేతులు ఖాళీగా ఉంచి చేస్తుంది.

దీనికి తోడు బార్లో లెన్సు, అంటే మైక్రోస్కోపు తల కింద అదనంగా బిగించే లెన్సు, దాని చిక్కు ఒకటి. నా మైక్రోస్కోపు 7 నుంచి 45 రెట్ల జూమ్ ఉన్న మామూలు స్టీరియో, ట్రైనాక్యులర్, అంటే రెండు కళ్లకూ రెండు గొట్టాలు, కెమెరాకు మూడోది. బార్లో లేకుండా లెన్సుకూ బోర్డుకూ మధ్య దాదాపు 100 మిల్లీమీటర్ల ఖాళీ దొరుకుతుంది, 0.5 బార్లో బిగిస్తే 165 దాకా వస్తుంది. సోల్డరింగ్ ఐరన్, ట్వీజర్ రెండూ ఆడాలంటే బార్లో ఉండాల్సిందే. అయితే రింగ్ లైటు కూడా లెన్సుతో పాటే పైకి పోతుంది కదా. మధ్య నుంచి 40 మిల్లీమీటర్ల దూరంలో బల్బులున్న రింగు 100 ఎత్తులో ఉంటే కాంతి నిట్టనిలువుకు సుమారు 22 డిగ్రీల వాలులో పడుతుంది, 165కు పోతే ఆ వాలు 14 డిగ్రీలకు తగ్గిపోతుంది. అంటే దాదాపు నడినెత్తి మీది వెలుగే. ఎన్ని బల్బులు పెంచినా ఈ లెక్క మారదు, ఇంకా పెద్ద రింగు పెట్టాలి లేదా కిందికి వంగి పక్క నుంచి కొట్టే లైటు వేరే పెట్టాలి.

అతను చేసిచ్చింది ఈ రెండూ కలిపి. పెద్ద రింగు ఒకటి, నాలుగు ముక్కలుగా, ఒక్కో ముక్కకు విడిగా స్విచ్చి. వంగే మెడల మీద రెండు చిన్న పక్క లైట్లు. కంట్రోల్ బాక్సు ఒకటి. రింగుకు 2,600 తీసుకున్నాడు, పక్క లైట్ల జతకు 900. పోలరైజర్ 500, యూవీ ముక్క 400, ఈ రెండూ ఎక్స్‌ట్రా. నేను అన్నీ తీసుకున్నా, అన్నీ తీసుకోనక్కర్లేదని కింద చదివితే మీకే అర్థమవుతుంది.

రింగు లోపలి పని బాగుంది. అల్యూమినియం పీసీబీ (బల్బులు అతికించే బోర్డు) మీద 2835 సైజు ఎల్ఈడీలు 48, దాని వెనక అల్యూమినియం రింగు, మధ్యలో హీట్ సింక్ పేస్ట్. మూడేసి బల్బులు వరసగా, ఆ వరసకు ఒక రెసిస్టర్. తెల్ల ఎల్ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి, మూడింటికి 9, సప్లై 12 అయితే మిగిలిన 3 వోల్టులను 150 ఓమ్స్ రెసిస్టర్ మీద పడేస్తే 20 మిల్లీఆంపియర్లు పారతాయి. బజార్లో దొరికే 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్పు మీద మూడు బల్బులకోసారి కత్తెర గుర్తు ఉండేది కూడా ఇందుకే. ఈ బల్బులు 60 మిల్లీఆంపియర్ల దాకా తట్టుకుంటాయి, ఇతను 20తో సరిపెట్టాడు. మొత్తం రింగు నాలుగు వాట్లు కూడా తినదు. ఎండాకాలం నల్గొండ జిల్లాలో 45 డిగ్రీలు ఎక్కినప్పుడు, రేకుల షెడ్డు కింద పొద్దంతా వెలిగే లైటుకు ఈ పొదుపు చాలా అవసరం. వేడెక్కిన ఎల్ఈడీ ఒక్కరోజులో చావదు, మెల్లగా మసకబారుతుంది, మనకు తెలియకుండా కళ్లు గుంజుకుపోతుంటాయి.

ఇక మినుకు సంగతి. రెడీమేడ్ రింగ్ లైట్ల కంట్రోలర్లలో చాలావాటికి వెలుగు తగ్గించే పద్ధతి పీడబ్ల్యూఎం, అంటే బల్బును సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగించడం. ఆరి ఉండే సమయం ఎక్కువైతే మనకు మసకగా కనపడుతుంది. కంటికి ఇది నేరుగా తెలియదు. కెమెరా మాత్రం పట్టేస్తుంది, ఎందుకంటే అది బొమ్మను ఒక్కసారిగా కాకుండా గీత తర్వాత గీతగా చదువుతుంది, దాంతో మానిటర్ మీద నల్లటి పట్టీలు పాకుతాయి. మిల్లు ఓనర్లకు కార్డులో ఏం పోయిందో వీడియో తీసి పంపడం నాకు రోజూ ఉండే పని, పాత లైటు సగానికి తగ్గిస్తే వీడియో అంతా పట్టీలే, ఫుల్‌గా పెడితే సోల్డర్ మెరుపుకు ఏమీ కనపడదు. కొత్త లైటులో ఎల్ఎం2596 మాడ్యూల్ పెట్టి వోల్టేజీనే తగ్గిస్తాడు. ఆ ఐసీ 150 కిలోహెర్ట్జ్ మీద స్విచ్ అవుతుంది, కాయిలు, కెపాసిటర్ దాటాక వచ్చేది నికరమైన డీసీ. పట్టీలు పోయాయి. మీ లైటు ఎలా ఉందో చూడాలంటే ఫోన్ కెమెరాను దానికి ఎదురుగా పెట్టి నాబ్ మెల్లగా తిప్పండి, స్క్రీన్ మీద చారలు పాకితే సంగతి తేలిపోయినట్టే.

కానీ ఇదే మాడ్యూల్ దగ్గర నాకు ఒళ్లు మండింది. నాబ్ తిప్పితే మొదట ఏమీ వెలగదు, ఇంకొంచెం తిప్పితే ఏమీ వెలగదు, తర్వాత చిన్న కదలికకే ఒక్కసారి భగ్గుమని ఫుల్, అక్కడి నుంచి చివరిదాకా తిప్పినా మార్పు లేదు. విప్పి చూస్తే మాడ్యూల్ మీదుండే 10 కిలో ఓమ్స్ ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న రెసిస్టర్) తీసేసి, అంతే విలువున్న పాట్‌ను (నాబ్‌తో తిప్పే రెసిస్టర్‌ను) బయటికి తెచ్చి బిగించాడు. ఆ ఐసీ లెక్క తెలిసినవాళ్లకు ఇక్కడే విషయం అర్థమవుతుంది: పాట్ విలువను కింది రెసిస్టర్‌తో భాగించి, దానికి ఒకటి కలిపి, 1.23తో గుణిస్తే వచ్చేదే అవుట్‌పుట్ వోల్టేజీ. నా మాడ్యూల్లో కింది రెసిస్టర్ 330 ఓమ్స్. 8 వోల్టులకు పాట్ 1.8 కిలో ఓమ్స్ దగ్గర ఉండాలి, 12కు 2.9 దగ్గర. బల్బులు మసకగా మొదలయ్యేదే 8 దగ్గర. అంటే పది కిలో ఓమ్స్ తిప్పుడులో పనికొచ్చేది ఒక్క కిలో ఓమ్ మాత్రమే, మిగతాదంతా ఉత్త తిప్పుడు. 1.8 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఒకటి సిరీస్‌లో వేసి, పాట్ 1 కిలో ఓమ్‌ది పెట్టాను. ఇప్పుడు నాబ్ మొదటి నుంచి చివరిదాకా మెత్తగా పెరుగుతుంది. పది రూపాయల సామాను. ఫోన్ చేసి చెప్తే "అవునా అన్నా, నేను ఫుల్ మీదనే చూసిన" అన్నాడు. ఇప్పుడు చేసే వాటిలో మార్చానన్నాడు, అయినా మీరు తీసుకునేటప్పుడు అక్కడే తిప్పి చూసుకోండి.

ఆ మాడ్యూల్ వల్ల ఇంకో లాభం ఉంది, అతను చెప్పలేదు, నాకే తట్టింది. దానికి 40 వోల్టుల దాకా ఇవ్వొచ్చు కాబట్టి ఛార్జింగ్‌లో ఉన్న 12 వోల్టుల ఇన్వర్టర్ బ్యాటరీ 14 దాటినా భయం లేదు. మధ్యలో ఒక ఫ్యూజు వేసి బ్యాటరీకే నేరుగా కలిపేశాను. కరెంటు పోయినా తెగిన గీతకు బదులుగా అతికే సన్న జంపర్ వైరు చేతిలో ఉండగా చీకటి పడదు.

రంగు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు దీన్ని అసలు పట్టించుకోరు, అందరూ వాట్లు, బల్బుల లెక్కే చెప్తారు. తెల్ల ఎల్ఈడీ అనేది నిజానికి నీలం ఎల్ఈడీ, దాని మీద పసుపు కాంతినిచ్చే ఫాస్ఫర్ పూత. (ఆ నీలం ఎల్ఈడీ సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు, మన బెంచి మీది ప్రతి లైటూ వాళ్ల పుణ్యమే.) పూత చవకదైతే ఎరుపు సరిగా పలకదు. రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే లెక్కను సీఆర్ఐ అంటారు, ఎండకు అది 100. చవక బల్బులకు 70, 80 మధ్య ఉంటుంది. ఇతను వాడిన రీలు మీద 95 అని ఉంది, రంగు 4000 కెల్విన్. పాత లైటు కింద సోల్డర్ పట్టడానికి రాసి ఎండిపోయిన ఫ్లక్స్, మాడిన మాస్క్ (బోర్డు మీది రంగు పూత), బయటపడ్డ రాగి, మూడూ ఒకే మట్టి రంగులో ఉండేవి. ఇప్పుడు రాగి రాగిలాగే ఎర్రగా ఉంటుంది, ఫ్లక్స్ తేనె రంగు, మాడింది నలుపు. తడి తగిలిన బోర్డు మీద పచ్చటి చిలుము ఎక్కడ మొదలైందో కూడా తెలుస్తుంది. తౌడు దుమ్ము పట్టిన సార్టెక్స్ కార్డును ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో) కడిగాక ఇంకా మిగిలింది దుమ్మా, చిలుమా అన్న సందేహం తీరడం చిన్న విషయం కాదు. వెలుగు కొంచెం పసుపుగా ఉందని మొదట్లో అనిపిస్తుంది, మన కళ్లు 6500 తెలుపుకు మరిగాయి మరి. అలవాటయ్యాక పాత లైటు వేస్తే అంతా నీలంగా కనపడుతుంది.

పక్క లైట్లు నాకు రింగుకన్నా ఎక్కువ నచ్చాయి. బోర్డు మీదికి బాగా వంచి, ఒక్కటే వేసి, రింగులో ఎదుటి ముక్క మాత్రం సన్నగా వెలిగిస్తా. పగుళ్లు వెతకడానికి నా పద్ధతి ఇదే. సోల్డరింగ్ చేసేటప్పుడు రింగు మొత్తం వేసుకుంటా, అప్పుడు నీడ ఉంటే చెయ్యే అడ్డం. డబ్బు తక్కువుంటే పాత రింగు ఉంచుకుని ఈ పక్క లైట్ల జత మాత్రం తీసుకోండి, ముప్పావు లాభం దాంట్లోనే ఉంది. ఒక్క లోపం, మెడలు మెత్తనివి, వైరు బరువుకే మెల్లగా కుంగుతాయి. గట్టి మెడలు అడిగితే ఇస్తాడో లేదో అడిగి చూడండి.

పోలరైజర్ సంగతి వేరు. బల్బుల ముందు ఒక ఫిల్మ్, లెన్సు కింద ఇంకోటి, రెండోదాన్ని తిప్పుతూ పోతే ఒకచోట మెరుపంతా చచ్చిపోతుంది. సార్టెక్స్ కార్డుల మీద తేమ తగలకుండా వేసే పారదర్శకపు కోటింగ్ ఉంటుంది, దాని మెరుపు కింద ట్రాకులు, అంటే బోర్డు మీది రాగి గీతలు, కనపడక తల పట్టుకున్నవాళ్లకు ఇది వరమే. పెట్టి చూస్తే కోటింగే లేనట్టు ట్రాకులు తేలతాయి. కానీ వెలుగు బాగా తగ్గుతుంది, ఒక్కో ఫిల్మ్ దాదాపు సగం తినేస్తుంది, నాబ్ ఫుల్‌లో పెట్టాల్సిందే. సోల్డర్ కూడా నల్లబడిపోతుంది, జాయింట్లు చూడటానికి పనికిరాదు. ఫోన్ల పని చేసేవాళ్లు ఆ 500 మిగుల్చుకోవచ్చు. ఫిల్మ్‌ను ఒకే షీటు నుంచి రింగులా కోశాడు, అది సరైన పని, ముక్కలు కోసి చుట్టూ తిప్పి అతికిస్తే ఒక్కో ముక్క దిశ ఒక్కో రకంగా ఉండి మెరుపు ఒకవైపు పోయి ఇంకోవైపు ఉంటుంది.

యూవీ ముక్క 395 నానోమీటర్లది. జంపర్ వైరు మీద వేసే యూవీ మాస్క్ గట్టిపడుతుంది, అయితే దానికి బజార్లో దొరికే చిన్న యూవీ టార్చి చాలు. ఇంకో వాడుక ఉంది, చాలా కోటింగులలో యూవీకి నీలంగా వెలిగే మందు కలుపుతారు, రిపేరు చేసినచోట మళ్లీ వేసిన కోటింగ్ ఎక్కడ పట్టిందో, ఎక్కడ పట్టలేదో లైటు వేయగానే కనపడుతుంది. నాకు అది పనికొస్తుంది. యూవీని ఆపే కళ్లద్దాలు లేకుండా దీన్ని వెలిగించకండి, పక్క నుంచి మెరిసే కాంతి నేరుగా కంట్లోకి వస్తుంది. స్విచ్చి మీద గుర్తు కూడా పెట్టలేదతను, తెల్ల స్విచ్చిల పక్కనే అదే రకం స్విచ్చి, అదే రంగు. నేను దానికి ఎర్ర టేపు చుట్టాను.

ఇంకో లోపం, కాంతి చెదిరేందుకు రింగు కింద పెట్టిన పాలతెలుపు అక్రిలిక్. అక్షరాల బోర్డులు చేసే కొట్టు కాబట్టి లేజరుతో చక్కగా కోశాడు, అంచులు చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అక్రిలిక్ 100 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడుతుంది, వేడిగాలి కొట్టే మన బ్లోయర్ పెట్టేది 350, 380 మీద. కొట్టే గాలి బోర్డుకు తగిలి పైకే వస్తుంది. పెద్ద ఐసీ లేపుతూ కాసేపు పట్టానో లేదో ఒకవైపు అల తిరిగింది. పాలీకార్బొనేట్ అయితే ఇంకాస్త తట్టుకుంటుంది, అదే వేయించుకోండి, ఎక్స్‌ట్రా అడిగినా ఇచ్చేయండి. ఫ్లక్స్ పొగ కూడా దీనికే పడుతుంది, జిగటగా పసుపు పొర కడుతుంది, దాన్ని తుడవడానికి విప్పాలంటే ఆరు స్క్రూలు. మాగ్నెట్లు పెట్టి ఉంటే బాగుండేది.

సర్వీసు గురించి: చెప్పిన రోజుకు ఇవ్వలేదు. పండగ ముందు అక్షరాల బోర్డుల ఆర్డర్లుంటే మన లైటు మూలకు పోతుంది. "రేపు రా అన్నా" అన్నమాట చాలాసార్లు విన్నా. ఫోన్ మాత్రం ఎత్తుతాడు, తప్పు చెప్తే వింటాడు, వాదించడు. మెడ బిగింపు దగ్గర ఒక వైరు తెగితే డబ్బు తీసుకోకుండా కట్టిచ్చాడు. బిల్లు లేదు, వారంటీ కాగితం లేదు, జీఎస్టీ బిల్లు కావాల్సినవాళ్లు ఇతని దగ్గరికి పోవద్దు.

చేతిలో పని ఉన్నవాళ్లు తామే చేసుకోవచ్చా అంటే, చేసుకోవచ్చు. ఎల్ఈడీలు, మాడ్యూలు, స్విచ్చిలు అన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, రింగు కోయించడానికి ఏ ఎల్ఈడీ బోర్డుల షాపైనా సరిపోతుంది. సామానుకు ఇతను తీసుకునేదాంట్లో సగం కూడా కాదు. కానీ 48 ఎల్ఈడీలను అల్యూమినియం పీసీబీ మీద సోల్డర్ చేయడం ఉత్త ఐరన్‌తో అయ్యే పని కాదు, వేడినంతా ఆ రేకే లాగేస్తుంది, కింద హాట్ ప్లేట్ ఉండాలి. అది లేనివాళ్లు చేయించుకోవడమే నయం.

ఆర్డర్ ఇచ్చేముందు కొలత సరిగా తీసుకోండి. రెడీమేడ్ రింగులు 60 మిల్లీమీటర్లు దాటిన లోపలి వ్యాసంతో వచ్చి మూడు స్క్రూలతో ఎలాగోలా బిగుస్తాయి, ఇతను మాత్రం మీరిచ్చిన కొలతకే గట్టిగా చేస్తాడు. బార్లో బిగించి ఉంచి, దాని బయటి అంచును వెర్నియర్‌తో కొలిచి, ఫొటో తీసి పంపండి. బార్లో తీసేసి తల కొలిచి పంపిన వాళ్లెవరో ఉన్నారట, "కొలత మీరే ఇచ్చి మళ్ల నన్నంటే ఎట్ల అన్నా" అని ఆ రింగును ఇంకా కొట్లోనే గోడకు తగిలించి ఉంచాడు. 52 మిల్లీమీటర్లది, ఎవరికైనా సరిపోతే తక్కువకే ఇస్తాడు.